‘డోంట్ జింక్స్ ఇట్’ అంటే నన్ను అన్నట్టా?

ప్రశ్న: నేను హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ పని చేస్తున్నాను. ఇంటర్ దాకా తెలుగు మీడియమే. కిందటి నెల రిలీజ్‌కి ముందు రాత్రి అమెరికా వాళ్లతో కాల్‌లో ‘ఈసారి ఒక్క బగ్ కూడా రాలేదు’ అని సంతోషంగా చెప్పాను. అక్కడి మేనేజర్ వెంటనే ‘డోంట్ జింక్స్ ఇట్’ అన్నారు. అందరూ నవ్వారు. తెల్లారేసరికి పేమెంట్ పేజీ పనిచేయడం మానేసింది. చాట్‌లో ఒకావిడ ‘యు జింక్స్‌డ్ ఇట్’ అని రాసి నవ్వు బొమ్మ పెట్టింది. డిక్షనరీ చూస్తే ‘దురదృష్టం తెచ్చే మనిషి’ అని ఉంది. అప్పట్నుంచి మా టీమ్‌లో ఒక తెలుగబ్బాయి నన్ను ‘టీమ్ జింక్స్’ అని పిలుస్తున్నాడు. నాకిది చిన్న విషయం కాదండీ. పెళ్లయిన ఇరవై రోజులకు మా మామయ్యగారికి గుండెపోటు వచ్చింది. రాత్రి రెండింటికి ఆయనకు చెమటలు పడుతుంటే నేనే చూసి క్యాబ్ పిలిచాను. స్టెంట్ వేశారు, ఇప్పుడు బాగానే ఉన్నారు. కానీ అత్తయ్యగారి తరఫు చుట్టాలు నన్ను ‘ఐరన్ లెగ్’ అన్నారు, ఇప్పటికీ అంటారు. ఆఫీసులోనూ అదే మాటా? అసలు ఈ జింక్స్‌ని ఎప్పుడు వాడాలి, ఎప్పుడు వాడకూడదు? ఎవరైనా నన్ను అంటే తిరిగి ఏమనాలి?
— ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

సమాధానం:

అమ్మా,

మీ మేనేజర్ మిమ్మల్ని ఏమీ అనలేదు. ముందు ఆ టెన్షన్ వదిలేయండి. చాట్‌లో రాసినావిడ కూడా అనలేదు, ఆవిడది వట్టి వేళాకోళం. మూడో మనిషి మాత్రం అన్నాడు. అతని సంగతి చివర్లో చూద్దాం.

మన ఇళ్లలో రోజూ జరిగేదే చెప్తాను. ఎండాకాలం మధ్యాహ్నం, అందరూ ఫ్యాన్ కింద కూర్చుని ఉంటారు. ఎవరో ఒకరు, మా ఇంట్లో అయితే సాధారణంగా నేనే, ‘ఏంటో, ఇవాళ పొద్దున్నుంచీ కరెంటు పోలేదే’ అంటారు. ఆ మాట పూర్తికాకముందే ఫ్యాన్ రెక్కలు నెమ్మదిస్తాయి. ఇంట్లో వాళ్లంతా అన్నవాడి వైపు తిరిగి ‘అన్నావుగా, పోయింది’ అంటారు. నిజంగా నా మాట విని లైన్‌మన్ స్విచ్ తీశాడని ఎవరూ అనుకోరు. అయినా అంటారు. ఇంగ్లిష్‌లో ‘యు జింక్స్‌డ్ ఇట్’ అంటే సరిగ్గా ఆ ‘అన్నావుగా, పోయింది’. ‘డోంట్ జింక్స్ ఇట్’ అంటే అంతకు ముందు అరక్షణంలో ‘ఆ మాట అనకు బాబూ’ అనడం. అంతకు మించి బరువు లేదు.

మీరు గమనించాల్సింది ఆ ‘ఇట్’. జింక్స్ అయ్యింది రిలీజ్, మీరు కాదు. ఈ మాట క్రియగా వచ్చి పని మీదో, మ్యాచ్ మీదో, ఇంటర్వ్యూ మీదో పడినంతసేపూ అది నవ్వుతూ అనే మాట. అదే నామవాచకమై ‘షి ఈజ్ ఎ జింక్స్’ అని మనిషికి అంటుకుందా, మీరు చూసిన డిక్షనరీ అర్థం అదే. మీ డిక్షనరీ తప్పు చెప్పలేదు. మీకు కావలసిన వరుసకి ఒక వరుస పైన చదివారు.

మనకు దిష్టి ఉందిగా, జింక్స్ అంటే అదే కదా అని కొందరంటారు. పూర్తిగా కాదు. దిష్టి కంటి నుంచి వస్తుంది. నరుడి కంటికి నల్లరాయైనా పగులుతుందంటారే, ఆ లెక్క. జింక్స్ నోటి నుంచి వస్తుంది. పోనీ తథాస్తు దేవతలా అంటే, అదీ కాదు, దానికి తలకిందులు. చెడు మాట అంటే తథాస్తు దేవతలు ‘అలాగే’ అంటారని మన పెద్దవాళ్లు భయపెట్టేవారు. ఇంగ్లిష్ వాళ్ల జింక్స్ చెడు మాటకు పలకదు. మంచి మాట, అదీ పని పూర్తికాకముందే తొందరపడి అన్న మంచి మాట, దానికి మాత్రమే పలుకుతుంది. అందుకే ‘రేపు రిలీజ్ కచ్చితంగా ఫెయిలవుతుంది’ అంటే ఎవరూ మిమ్మల్ని డోంట్ జింక్స్ ఇట్ అనరు. ‘ఏం కాదు, అంతా సూపర్’ అంటేనే అంటారు. మన మాటల్లో దీనికి దగ్గరగా వచ్చేది, ముద్దొచ్చే పిల్లని చూసి తల్లి ‘నా దిష్టే తగిలేలా ఉంది’ అనుకోవడం. కావాలని చేసే చెడు కాదు, మురిపెం ఎక్కువై జరిగేది.

మాట పుట్టుక కూడా చెప్తాను, ఎందుకంటే అది మనకు బాగా తెలిసిన దారిలోనే ఉంది. వడ్రంగిపిట్టల కుటుంబంలో ఒక చిన్న బూడిదరంగు పిట్ట ఉంది. బెదిరిస్తే పాములా మెడ మెలికలు తిప్పుతూ బుస కొడుతుంది. చలికాలంలో మన దేశానికీ వలస వస్తుంది. దాని శాస్త్రీయ నామం జింక్స్ టార్క్విలా. పాత గ్రీకులు ఈ పిట్టను చక్రానికి కట్టి తిప్పి వశీకరణ మంత్రాలు వేసేవారట. గ్రీకు పురాణ వీరుడు జేసన్ మీద రాకుమారి మెడియాకు మనసు పుట్టించడానికి ఆఫ్రొడైటీ దేవత తెచ్చింది ఈ పిట్టనేనని పిండార్ కవి రాశాడు. ఆ పిట్ట పేరే మంత్రానికి పేరైందని, 20వ శతాబ్దం మొదట్లో అమెరికా బేస్‌బాల్ ఆటగాళ్ల నోళ్లలో దురదృష్టానికి పేరుగా తేలిందని చాలా నిఘంటువులు చెప్తాయి. మరి మన ‘శకునం’? సంస్కృతంలో శకునం అంటే మొదటి అర్థం పక్షే. దసరా నాడు పాలపిట్టను చూడాలని ఊరి బయటికి వెళ్లే మనకు ఇది వింతేం కాదు. మీ మేనేజర్ తనకు తెలియకుండానే మీతో శకునాల భాషలో మాట్లాడాడు.

బేస్‌బాల్ వాళ్లకు ఈ పట్టింపు ఇప్పటికీ ఉంది. పిచ్చర్, అంటే బంతి విసిరేవాడు, అవతలి జట్టుకు ఒక్క హిట్ కూడా ఇవ్వకుండా ఆట చివరిదాకా వస్తున్నాడంటే, సొంత టీమ్ వాళ్లే అతని పక్కన కూర్చోరు. ‘నో-హిట్టర్’ అన్న మాట ఎవరూ ఎత్తరు. ఆసుపత్రుల్లోనూ అంతే. బ్రిటన్‌లో, అమెరికాలో నైట్ డ్యూటీ డాక్టర్లు, నర్సులు ‘ఇవాళ క్వైట్‌గా ఉంది’ అని పైకి అనరు. కొత్తగా చేరిన పిల్లడెవడైనా అంటే సీనియర్లు కళ్లురుముతారు. ఈ నమ్మకాన్ని బ్రిటన్‌లో మైక్రోబయాలజీ విభాగం వాళ్లు నిజంగానే పరీక్షించి 2019లో ప్రచురించారు. కొన్ని రోజులు ‘ఇవాళ క్వైట్‌గా ఉంటుంది’ అన్నారు, కొన్ని రోజులు అనలేదు. పని భారంలో చెప్పుకోదగ్గ తేడా ఏమీ కనిపించలేదు. అయినా ఆ మాట అనడం మొదలుపెట్టారనుకుంటున్నారా? నేను పందెం కాయను.

ఇంగ్లిష్ వాళ్ల మూఢనమ్మకపు మాటల్లో ఉండే ఈ సగం నమ్మకం, సగం నవ్వు మనకు పట్టుబడాలి. క్రికెట్‌లో 111ని నెల్సన్ అంటారు, అచ్చిరాని స్కోరు. అంపైర్ డేవిడ్ షెపర్డ్ స్కోరు 111 దగ్గర ఉన్నంతసేపూ ఒంటికాలి మీద గెంతేవాడు. 2011 నవంబరు 11న కేప్‌టౌన్‌లో ఆస్ట్రేలియాతో టెస్టు జరుగుతుంటే, సరిగ్గా 11 గంటల 11 నిమిషాలకు సౌతాఫ్రికా గెలవడానికి 111 పరుగులు కావాలి. అంపైర్ ఇయాన్ గౌల్డ్‌తో పాటు జనం కూడా ఒంటికాలి మీద నిలబడ్డారు. గెలిచింది సౌతాఫ్రికానే. ఆ నిలబడ్డవాళ్లను ‘నమ్ముతారా’ అని అడిగితే నవ్వేసేవారు. కాలు మాత్రం దించేవారు కాదు. మీ కాల్‌లో అందరూ నవ్విన నవ్వు అలాంటిది. మీ మీద నవ్విన నవ్వు కాదు.

ఇదే మాట మన దేశంలోకి వచ్చేసరికి ఆ నవ్వు ఎగిరిపోయి పట్టింపు మిగిలింది. ఇంగ్లిష్ పేపర్లలో ‘నోయిడా జింక్స్’ అని చదివే ఉంటారు. నోయిడాలో కాలుపెట్టిన ఉత్తరప్రదేశ్ ముఖ్యమంత్రికి పదవి పోతుందని నమ్మకం. 1988లో వీర్ బహదూర్ సింగ్ నోయిడా వెళ్లొచ్చాక పదవి పోగొట్టుకోవడంతో మొదలైందంటారు. మాయావతి 2011లో వెళ్లారు, 2012లో ఓడారు. ఆ తర్వాత అఖిలేష్ యాదవ్ అయిదేళ్లూ అటువైపు వెళ్లలేదు. యమునా ఎక్స్‌ప్రెస్‌వేని కూడా 2012లో లక్నోలో కూర్చునే ప్రారంభించారు. నోయిడా మొహం చూడకుండానే 2017లో ఓడిపోయారు! తర్వాత వచ్చిన యోగి ఆదిత్యనాథ్ ఆ డిసెంబరులోనే నోయిడా వెళ్లారు, 2022లో మళ్లీ గెలిచారు. పేపర్లు ‘జింక్స్ బ్రేక్ చేశారు’ అని రాశాయి. ఆ ఊరు ఎవరినీ ఏమీ చేయలేదు కాబట్టి బ్రేక్ అవడానికి ఏముందో నాకైతే అర్థం కాలేదు. కానీ మీకు పనికొచ్చే వాడుక అది: ‘బ్రేక్ ది జింక్స్’. ఎప్పుడూ ఓడే చోట ఒకసారి గెలిస్తే అలా అంటారు.

ఇక్కడే నా సొంత తప్పు ఒకటి చెప్పాలి. గుంటూరులో కాలేజీలో ఇంగ్లిష్ చెప్పే రోజుల్లో, మాకు శిక్షణ ఇవ్వడానికి బ్రిటన్ నుంచి ఒక పెద్దాయన వచ్చారు. రైలు ఆరు గంటలు లేటు. సూట్‌కేసు విజయవాడలో ఉండిపోయింది. ఆయన తెరమీద మొదటి బొమ్మ వేయగానే కరెంటు పోయింది. పాపం అనిపించి, ఓదార్పుగా, ‘సర్, యు ఆర్ ఎ జింక్స్’ అన్నాను. చీకట్లో కాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత ఆయన నెమ్మదిగా ‘ఐ హోప్ నాట్’ అన్నారు. నేను అనదలుచుకున్నది ‘మీకు ఇవాళ అన్నీ ఎదురుదెబ్బలే’ అని. అన్నది ‘మీరు అడుగుపెట్టారు, మా కరెంటు పోయింది’ అని. జింక్స్ అంటే దురదృష్టం పడ్డవాడు కాదు, పట్టుకొచ్చేవాడు. మన పిల్లలు తరచూ చేసే పొరపాటు ఇదే. బస్సు మిస్సయితే ‘ఐ యామ్ ఎ జింక్స్ టుడే’ అనకండి, ‘ఐ యామ్ హ్యావింగ్ నో లక్ టుడే’ అనండి. ఏ పనీ ముందుకు సాగని ప్రాజెక్టును ‘జింక్స్‌డ్’ అనొచ్చు, ఆ డ్ ఉంటే పడ్డ వైపు అర్థం.

ఇంకోటి, ఆ చివరి స్ బహువచనం అనుకుని ‘ఎ జింక్’ అనేవాళ్లను చాలామందిని విన్నాను. జింక్ అంటే డాక్టరు రాసే మాత్ర. ఒక్కటైనా జింక్సే, ఎక్కువైతే జింక్సెస్. ‘కర్స్’తోనూ కలపకండి. కర్స్ అంటే శాపం, శాపానికి శపించినవాడు ఒకడుండాలి. బాస్టన్ రెడ్ సాక్స్ అనే బేస్‌బాల్ జట్టు తన గొప్ప ఆటగాడు బేబ్ రూత్‌ని అమ్ముకున్నాక 1918 నాటి కప్పు మళ్లీ 2004 దాకా దక్కలేదు. దాన్ని ఆ ఆటగాడి కర్స్ అన్నారు. జింక్స్‌కి కర్త ఉండడు. ఎవరో నోరు జారితే చాలు.

‘టచ్ వుడ్’ మనవాళ్లకు బాగా అలవాటే, అయితే దిష్టి తీసినట్టు వాడతారు. ‘మీ పాప ఎంత బాగుందో, టచ్ వుడ్’ అని. ఇంగ్లిష్‌లో ఎక్కువగా దాని చోటు వేరు. తన అదృష్టం తాను చెప్పుకుని, అది ఇలాగే ఉండాలని వెంటనే చెక్క తాకడం. ‘ఈ ఏడాది ఒక్కసారి కూడా జలుబు చేయలేదు, టచ్ వుడ్.’ అమెరికా వాళ్లయితే ‘నాక్ ఆన్ వుడ్’ అంటారు. అంటే టచ్ వుడ్ జింక్స్‌కి విరుగుడు. మీ మేనేజర్ మళ్లీ డోంట్ జింక్స్ ఇట్ అంటే మీరు బల్ల మీద రెండుసార్లు తట్టి ‘నాక్ ఆన్ వుడ్!’ అనండి చాలు. చాట్‌లో ‘యు జింక్స్‌డ్ ఇట్’ అంటే ‘గిల్టీ!’ అని ఒక నవ్వు బొమ్మ. అంతకన్నా సంజాయిషీ ఇస్తే వాళ్లే కంగారుపడతారు. ‘ఐ డోంట్ వాంట్ టు జింక్స్ ఇట్, బట్...’ అని మీరే మొదలుపెట్టడం కూడా మామూలే. మంచి వార్త చెప్పేముందు చాలామంది అలాగే అంటారు.

వాడకూడని చోట్లు రెండే. ఒకటి ఎవరైనా పోయినప్పుడు, జబ్బున పడ్డప్పుడు. ఆ సమయంలో ఈ మాట చిల్లరగా వినిపిస్తుంది. రెండోది క్లయింట్‌కి పంపే మెయిల్. పేజీ ఎందుకు పడిపోయిందో రాయాల్సిన చోట జింక్స్ అని సరదాకి రాసినా, కారణం వెతకలేదన్నట్టు కనిపిస్తుంది.

మరి అన్న మర్నాడే నిజంగా పేజీ పడిపోయిందే అంటారా? ఒక పాత కథ. స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్ అనే అమెరికా పత్రిక అట్ట మీద బొమ్మ పడితే ఆటగాడికి చెడుకాలమేనని పేరు. 1954లో మొదటి సంచిక అట్ట మీద బేస్‌బాల్ ఆటగాడు ఎడ్డీ మాథ్యూస్ పడ్డాడు, కొద్దిరోజులకే చెయ్యి దెబ్బతింది. 2002లో ఆ పత్రిక ఈ జింక్స్ మీదే వ్యాసం వేస్తూ అట్ట మీద నల్లపిల్లిని పెట్టింది, మనిషి దొరక్క. అసలు సంగతేమిటంటే అట్ట మీదికి ఎక్కేది ఎవరైనా తన ఆట శిఖరం మీద ఉన్నప్పుడే. శిఖరం తర్వాత వచ్చేది దిగుడే. ఆ మాథ్యూస్ తర్వాత పదేళ్లకు పైగా ఆడాడు, తన ఆట మొత్తం మీద 512 హోమ్ రన్లు (మన సిక్సర్ల లాంటివి) కొట్టాడు. మీరూ ‘ఒక్క బగ్ కూడా రాలేదు’ అని అన్నది అన్నిటికన్నా మంచిరోజున. పది బగ్గులున్న రోజున ఆ మాట అనరుగా.

ఇప్పుడు ఆ అబ్బాయి. అతను మేనేజర్ అన్న మాటలో ‘ఇట్’ తీసేసి మిమ్మల్ని పెట్టాడు. ఇంగ్లిష్‌లో కూడా మనిషిని జింక్స్ అని పదేపదే పిలిస్తే అది మర్యాద కాదు. తెలుగు ఇంట్లో పెరిగినవాడికి ఆడపిల్లను అలా అంటే ఎక్కడ తగులుతుందో తెలియదంటే నేను నమ్మను. రెండు సినిమాలు ఆడకపోతే హీరోయిన్‌ని ఐరన్ లెగ్ అంటారు, అవే రెండు సినిమాల్లో ఉన్న హీరోని ఒక్కమాట అనరు. అదే అలవాటు ఇంగ్లిష్ చొక్కా తొడుక్కుని మీ ఆఫీసుకి వచ్చింది. అందరి ముందూ కాకుండా, కాఫీ దగ్గర, తెలుగులోనే చెప్పండి: ‘ఆ పేరు నాకు నచ్చలేదు. ఇంకెప్పుడూ అలా పిలవకు.’ నవ్వకుండా చెప్పండి. కారణం చెప్పనక్కర్లేదు, ఇంటి సంగతి అసలు ఎత్తకండి. సరదాకన్నానంటాడు. ‘సరే, ఇక వద్దు’ అనండి. వినకపోతే లీడ్‌కి చెప్పండి, అది చాడీ కాదు.

అన్నట్టు ‘ఐరన్ లెగ్’ అచ్చంగా మన సరుకు. అమెరికా వాళ్లతో అంటే ఎవరికో ఇనప కాలు పెట్టారనుకుంటారు. ఇంగ్లిష్ మాటలతో మనం చేసుకున్న తెలుగు తిట్టు అది.

మీ ఉత్తరంలో నన్ను ఆపింది మాత్రం వేరే వాక్యం. రాత్రి రెండింటికి చెమటలు చూసి క్యాబ్ పిలిచానని దారిలో పోతూ పోతూ చెప్పినట్టు రాసి, వెంటనే చుట్టాల దగ్గరికి వెళ్లిపోయారు. కొత్త కోడలు, ఇరవై రోజులు, అర్ధరాత్రి మామగారి గది వైపు చూసి అది మామూలు ఉక్కపోత కాదని కనిపెట్టింది. ఆ చుట్టాలు ఈసారి ఇంటికొచ్చి ఆ మాట ఎత్తితే మీరు జవాబు చెప్పకండి. మామయ్యగారు అక్కడే కూర్చుని ఉంటారుగా. ముందే ఆయనతో ఒక్కమాట అని ఉంచండి. ఆ రాత్రి క్యాబ్ ఎవరు పిలిచారో ఆయన్నే చెప్పనివ్వండి.